కుండీలోని తమలపాకు: వేరు, నీరు

ఇంటిలోని మొక్క వాడి కనబడినంతనే మన చేయి నీటిచెంబు మీదికి పోవును. ఆ చేతిని ఒక్క నిమిషము ఆపుటకే నేనీ ప్రసంగము చేయుచున్నాను. ఆరుబయట నేలలో పెరుగు చెట్టుకు ఎండకాలమున నీరు చాలకపోవుట సహజమైన బాధ. ఇంటి లోపల, వసారాలలో, మేడమీది గదుల కిటికీల దగ్గర కుండీలలో పెరుగు మొక్కల కథ వేరు. అక్కడ ఎండ తక్కువ, గాలి తక్కువ, మన ఆప్యాయత మాత్రము ఎక్కువ. దప్పికచేత చచ్చు మొక్కలును కలవు గాని, నీట మునిగి చచ్చినవే నా కంట ఎక్కువగా పడినవి. చిత్రమేమనగా, ఈ రెండు చావులకును మొదటి గుర్తు ఒక్కటే. ఆకు వాలిపోవును. చూచువాడు దప్పిక అనుకొనును. మరికొంత నీరు పోయును.

ఈ సంగతిని నేను ఒక తీగను చంపుకొని నేర్చుకొంటిని.

మాది గుంటూరు వైపు ఒక పల్లె. మా తాతగారికి అక్కడ కొద్దిపాటి ఆకుతోట ఉండెడిది. తమలపాకు తోటను ఉత్త ఆకుతోట అనుటయే మా వైపు వాడుక. ఆ తోట పోయి చాల ఏండ్లైనది. ఇప్పుడక్కడ ఇండ్లు లేచినవి. ఆ తోటలోని తీగ ఒకటి మాత్రము మా పెరటి బావిగట్టున అవిశచెట్టును పట్టుకొని బ్రతికియుండెను. కొన్ని ఏండ్ల క్రిందట మా అమ్మ నా దగ్గరకు వచ్చినప్పుడు ఆ తీగ ముక్కను తడిగుడ్డలో చుట్టి తెచ్చెను. భోజనమైన తరువాత రెండాకులు వేసికొనుట ఆమెకు అలవాటు. బజారులో కొన్న ఆకు ఆమె నోటికి ఎన్నడును నచ్చలేదు. నేను ప్లాస్టిక్ కుండీ ఒకటి, తీగ చిన్నదైనను పెద్దదే మేలనుకొని, కొంటిని. దానిలో ఎరువు దండిగా కలిపి, తీగను నాటి, తూర్పు కిటికీ దగ్గర పెట్టితిని. గచ్చు తడియకుండునట్లు అడుగున లోతైన పళ్లెము కూడ అమర్చితిని. అన్నియు సక్రమముగనే చేసితినని నా నమ్మకము.

వేసవి గడిచినది. తీగ నాలుగు మూరలు సాగినది. శ్రావణమాసపు ముసురులో ఆకులు పసుపుపచ్చనై వ్రేలాడజొచ్చినవి. ఉదయము పోయు నీటికి తోడు సాయంకాలమును పోసితిని. బలము చాలలేదేమోనని గుప్పెడు ఎరువు వేసితిని. పది పండ్రెండు దినములకు తీగ మొదలు నల్లబడి మెత్తనైనది. అప్పుడు ఊరికి ఫోను చేసి అమ్మకు చెప్పితిని. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "వేరు చూశావట్రా?" అని. చూడలేదంటిని. "ఆకు చూసి నీళ్ళు పోస్తే ఎట్లారా? కుండీ బోర్లించి వేరు చూడు. బతికున్న కొసలేవన్నా ఉంటే కోసి నీళ్ళలో పెట్టు" అనెను. కొంతసేపు ఊరకుండి మరొక మాట చెప్పెను. ఆ వేసవిలోనే బావిని పూడ్చి, గట్టున ఉన్న అవిశచెట్టును కొట్టివేసిరట. ఊరిలో ఆ తీగ ఇక లేదు. నా కుండీలో కుళ్లుచున్నదే చివరిది.

కుండీ బోర్లించి నేనేమి చూచితినో తరువాత చెప్పెదను. వేరు చేయు పని ఏమో తెలిసిననే ఆ చూచినదానికి అర్థముండును.

1937లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున డిట్మర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఒక విచిత్రమైన లెక్క వేసెను. రై అను ధాన్యమొకటి కలదు, గోధుమకు చుట్టము. ఆ మొక్కను ఒకదానిని, అడుగు పొడవు, అడుగు వెడల్పు, 22 అంగుళముల లోతు గల పెట్టెలో నాలుగు నెలలు పెంచెను. తరువాత మట్టిని కడిగివేసి, వేళ్లను కొలిచి లెక్కగట్టెను. ఒక్క మొక్కకు వేళ్లు 1 కోటి 38 లక్షలు తేలినవి. వాని మొత్తము పొడవు 387 మైళ్లు, అనగా 620 కిలోమీటర్ల పైమాట. హైదరాబాదు నుండి విజయవాడకు పోయి మరల హైదరాబాదు చేరినను ఇంకను మిగులునంత పొడవు ఆ చిన్న పెట్టెలో ఇమిడియుండెను. వేళ్ల మీద మొలచు సన్నని నూగు ఉన్నదే, మూలకేశములందురు, అవి వేరుగ సుమారు 1400 కోట్లు. నీటిని పీల్చుటలో మొక్కకు పెద్ద అండ ఈ నూగే. లావుపాటి ముదురు వేళ్లు చాలవరకు మొక్కను నిలబెట్టుటకు, నీటిని పైకి మోయుటకు మాత్రమే.

ఇంత సున్నితమైన నూగు కొద్ది దినములే బ్రతుకును. ఎప్పటికప్పుడు కొత్తది పుట్టుచుండవలెను. పుట్టుటకు, పనిచేయుటకు దానికి ప్రాణవాయువు కావలెను. ఆకు ఊపిరి పీల్చునని పిల్లలు కూడ చెప్పుదురు. వేరును ఊపిరి పీల్చునన్న మాట పెద్దలకు కూడ జ్ఞాపకముండదు. ఆ గాలి వేరునకు మట్టిరేణువుల నడుమ నున్న సందులనుండి అందవలెను. ఆ సందులన్నియు నీటితో నిండినచో గాలికి త్రోవ లేదు. నీటిలో ప్రాణవాయువు కదలు వేగము గాలిలో కదలు వేగమున పదివేలవ వంతు మాత్రమే. ఊపిరాడని వేరునకు సత్తువ పోవును. సత్తువ లేనిది నీటిని పీల్చలేదు. అందుచేతనే మొక్క నీటి నడుమ నిలిచియు దప్పికతో వాడును. మనము చూచు వాలిన ఆకు అబద్ధము చెప్పుటలేదు; దానికి నిజముగనే నీరందుటలేదు. అందకపోవుటకు కారణము మనము పోసిన నీరే.

నేలలో లేని ఈ బాధ కుండీలో ఏల వచ్చును? ఇందుకు వంటింటిలోనే చేసి చూడదగిన పరీక్ష ఒకటి కలదు. గిన్నెలు తోము స్పంజిని, ఇటుకవలె పొడవుగా ఉన్నదానిని, నీటిలో బాగుగ నానబెట్టుడు. పైకి తీసి, అరచేతిమీద పలకవలె చదునుగా పట్టుకొనుడు. నీరు కారును, తరువాత ఆగిపోవును. కారవలసినది కారినదని తోచును. ఇప్పుడు పిండకుండ దానిని నిలువుగా త్రిప్పి పట్టుకొనుడు. మరల నీరు కారును! నీరు ఎక్కువైనది కాదు, స్పంజి మారలేదు; ఎత్తు మాత్రమే మారినది. సందులు గల వస్తువు ఏదైనను, అది ఎంత ఎత్తున్నను, తన అడుగున కొంత మందము మేర నీటిని విడువక పట్టుకొనును. కుండీలోని మట్టియు అంతే. నేలలోనైనచో ఈ తడిపొర ఎక్కడో లోతుకు దిగిపోవును. కుండీకి అడుగున్నది కనుక, పొర అక్కడనే నిలిచిపోవును. ఒకే మట్టి పోసినచో తడిపొర మందము నిలువు కుండీలోను పల్లపు కుండీలోను సమానమే. కావున ఎత్తు తక్కువగు కుండీలో మట్టి చాల భాగము ఈ పొర క్రిందనే పోవును. నిలువు కుండీలో పైభాగము వేరునకు మిగులును.

దీనినిబట్టి మనము తరతరములుగా చేయు పని ఒకటి తప్పని తేలుచున్నది. నీరు బాగుగ దిగుటకని కుండీ అడుగున గులకరాళ్లో, పెంకులో ఒక వరుస పరచుదుము. నీరు సన్నని సందులను విడిచి పెద్ద సందులలోనికి తేలికగ దిగదు. పై మట్టి పూర్తిగా నిండిన పిమ్మటనే రాళ్లలోనికి జారును. కాబట్టి తడిపొర పోవుటకు మారుగ రాళ్ల మీదికి, అనగా వేరునకు మరింత దగ్గరకు జరుగును. రంధ్రము మీద మట్టి జారకుండ ఒక్క పెంకు వేసినచో చాలును. ఈ మాట చెప్పినప్పుడు తోటపని తెలిసిన పెద్దలు కొందరు నామీద కోపించిరి. వారికి నేను స్పంజి పరీక్షనే చూపుచుందును.

ఇక నా కుండీ సంగతి. దానిని ప్రక్కకు వాల్చి, అంచుమీద రెండు దెబ్బలు తట్టి, మట్టిగడ్డను చేతిలోనికి తీసికొంటిని. మొదట నన్ను తాకినది వాసన. ఆరోగ్యమైన మట్టి తొలకరివాన పడిన నేలవలె వాసన వేయును. ఇది మురిగిన గ్రుడ్డు వాసన. గాలి చొరని తడిమట్టిలో బ్రతుకు సూక్ష్మజీవులు పుట్టించు వాయువు అది. ఆ వాసన తగిలినచో వేరును చూడకయే సగము తీర్పు చెప్పవచ్చును. మట్టిగడ్డ పైన రెండు వ్రేళ్ల మందము పొడిపొడిగా, తెల్లగా ఉన్నది. దానిని చూచియే గదా నేను రోజును నీరు పోసితిని! క్రింది సగము మాత్రము అడుసు. కుండీ అడుగున నాలుగు రంధ్రముల గుర్తులుండగా రెండు తెరువనే లేదు; అచ్చు పోసినప్పటి పొర వానికి అట్లే అంటియున్నది. తక్కిన రెండును పళ్లెములోని నీటిలో మునిగియుండెను.

వేళ్లను గుర్తించుట కష్టము కాదు. బ్రతికిన లేతవేరు తెల్లగనో, మీగడ రంగుననో ఉండును. నొక్కినచో గట్టిగ నుండును. ముదిరిన వేరు గోధుమరంగు తిరుగుట సహజమే, దానికి భయపడ నక్కరలేదు. కుళ్లిన వేరు నల్లనై, జిగటగా, చేతికి మెత్తగా తగులును. రెండు వ్రేళ్లతో పట్టి మెల్లగా లాగినచో పైతోలు ఊడివచ్చి లోపల దారము వంటి నరము మిగులును. ఈ గుర్తు కనబడినచో ఇక సందేహము లేదు. నా తీగకు క్రింది వేళ్లన్నియు ఇట్లే ఊడివచ్చినవి.

ఊపిరాడక సొమ్మసిల్లిన వేరును చివరకు కుళ్లబెట్టునది సాధారణముగా ఒక జీవి. తమలపాకునకు ప్రధాన శత్రువు ఫైటోఫ్తొరా. జర్మనీ శాస్త్రజ్ఞుడు డి బారీ 1876లో పెట్టిన ఈ పేరునకు గ్రీకు భాషలో మొక్కలను నాశనము చేయునది అని అర్థము. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటను కుళ్లబెట్టి మహాక్షామమునకు కారణమైనది ఈ జాతిలోనిదే. తమలపాకును పట్టునది దాని దాయాది. చూచుటకు బూజువలె ఉండును గాని, నేటి శాస్త్రజ్ఞులు దీనిని శిలీంధ్రములలో చేర్చరు. దీని విత్తనకణములకు రెండేసి తోకలుండును. నీరు దొరకినచో అవి ఈదుకొనుచు వేరును వెదకికొని పోవును. మట్టి సందులలో నీరు నిలువనిచో వానికి ఈదుటకు చోటు లేదు. మా వైపు రైతులు ఆకుతోటకు తరచుగ తడి పెట్టుదురు. అయినను తీగను ఎత్తైన గట్లమీద నాటి, నడుమ కాలువలు తీసి, ఎక్కువైన నీటిని వెళ్లగొట్టుదురు. తీగకు చెమ్మ ప్రాణము, నిలువనీరు మరణము అని వారికి ఏ సూక్ష్మదర్శినియు చూపలేదు. వారి మనుమడనై యుండియు నేను కుండీ క్రింద పళ్లెమును నింపి పెట్టితిని.

ఇక ఎరువు మాట. రసాయనములు వేయక, పశువుల ఎరువుతోను, వంటింటి చెత్త ఎరువుతోను మొక్కలను పెంచుకొనవలెనను కోరిక నేడు పట్టణములలో బాగుగ వ్యాపించినది. తినెడి ఆకు విషయమున ఇది సముచితమే. అయితే సేంద్రియ ఎరువు ఎంత వేసినను హాని లేదను నమ్మకము దాని వెంబడి వచ్చినది. అది సరికాదు. సగము చివికిన పేడలో కోట్లకొలది సూక్ష్మజీవులు ఇంకను పనిచేయుచుండును. అవియు ఊపిరి పీల్చునవే. కుండీలోనున్న కొద్దిపాటి ప్రాణవాయువును వేరునకు దక్కనీయక అవి తీసికొనును. పైగా పచ్చి ఎరువు కుళ్లునప్పుడు వేడి పుట్టును. తోటలో ఈ వేడియు ఈ పోటీయు విశాలమైన నేలలో చెదరిపోవును. కుండీలో చెదరుటకు చోటు లేదు. ఎరువు బాగుగ చివికినదనుటకు గుర్తు, దానిలో పేడవాసన పోయి మట్టివాసన వచ్చుట, చేతిలో పొడిగా రాలుట. వానపాముల ఎరువు సాధారణముగా చివికినదే గాని అది నీటిని చాల పట్టుకొనును. మట్టి, ఎరువు కలిసిన మొత్తములో దానిని నాల్గవ వంతు దాటనీయకుండుట మంచిది. ఇప్పుడు నేను రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు చివికిన ఎరువు, ఒక పాలు ముతక ఇసుక కలుపుచున్నాను. ఇసుకకు మారుగ నల్లగా కాల్చిన ఊకయు పనికివచ్చును. కోకోపీట్ అని అమ్ము కొబ్బరిపొట్టు తేలికయే గాని, దానిని కడిగి ఉప్పు పోగొట్టిన తరువాతనే వాడవలెను. దానికి మరొక గుణము కలదు: లోపల ముద్దగా తడిసియుండియు పైన ఎండి పాలిపోయినట్లు కనబడును. కుండీ పైభాగమును చూచి నీరు పోయువారిని ఇది మోసగించును.

వంటింటినుండి కుండీలోనికి చేరు ద్రవ్యముల జాబితా పెద్దది. బియ్యము కడిగిన నీరు, పులిసిన మజ్జిగ, టీ వడగట్టిన పొడి. ఎప్పుడో ఒకమారు కొద్దిగ పోసినచో పోయినదేమియు లేదు. దినదినమును పోసినచో కుండీ పైభాగము ఆరదు. ఆరని ఎరువుమట్టిని వెదకికొని చిన్న చిన్న నల్లని ఈగలు చేరును. అవి మనలను విసిగించుటయే గాని మొక్కనేమియు చేయవు. చేయునవి మట్టిలోనున్న వాని పిల్లపురుగులు. అవి వేరు నూగును కొరికి తినును. మందు వెదకుటకు ముందు పైమట్టిని రెండంగుళములు ఆరనిచ్చి చూడవలెను. ఆరిన మట్టిలో వాని గ్రుడ్లు నిలువలేవు.

ట్రైకోడెర్మా అను మేలుచేయు శిలీంధ్రమును చివికిన ఎరువులో కలిపి వేయుట నేడు వ్యవసాయాధికారులు చెప్పుచున్న పద్ధతి. అది కీడుచేయు శిలీంధ్రములను అణచి, వేరునకు కాపుగా నిలుచును. అయితే కాపలాదారును దొంగతనమునకు ముందే నియమింపవలెను. కుళ్లిన వేరునకు అది ప్రాణము పోయలేదు. వేపపిండియు అటువంటిదే. వేరుమీద పూసలవంటి బుడిపెలు కనబడినచో అది నీటిబాధ కాదు, నులిపురుగుల బాధ. తమలపాకునకు ఇది తరచుగ వచ్చును. నాటునప్పుడే మట్టిలో వేపపిండి కలిపినచో అది చాలవరకు తగ్గును.

ఇంతవరకు మునకను గూర్చియే చెప్పితిని. దప్పికయు లేకపోలేదు, దానిలోను ఒక మాయ కలదు. సంక్రాంతికి ఊరికి పోయి వారము దినములకు తిరిగి వచ్చుదుము. కుండీ బిర్రున ఎండియుండును. నీరు పోయగా క్షణములో అడుగునుండి పళ్లెములోనికి వచ్చును. మొక్క కడుపార త్రాగినదని సంతోషింతుము. నిజమునకు ఒక్క చుక్కయు వేరును చేరియుండదు. ఎరువు ఎక్కువగానున్న మట్టి ఎండినప్పుడు కుంచించుకొని కుండీగోడను విడుచును; అంతేగాక ఎండిన ఎరువు నీటిని తనలోనికి రానీయదు. నీరు గోడ వెంబడి జారి క్రిందికి పోవును. అప్పుడు కుండీని ఒక బకెట్టు నీటిలో అంచువరకు దించి, బుడగలు వచ్చుట ఆగువరకు ఉంచవలెను. అరగంట పట్టవచ్చును. తరువాత తీసి నీరంతయు కారనీయవలెను. ఇది జబ్బు పడిన కుండీకి చికిత్సయే గాని నిత్యము చేయవలసిన పని కాదు.

వేరు బాగుగనే యుండి, మట్టి సరిగానే యుండి, ఆకు అంచులు మాత్రము మాడినట్లగుచున్నచో నీటిలోని ఉప్పును అనుమానింపవలెను. మన పట్టణములలో పలుచోట్ల బోరునీరు కఠినమైనది. మట్టికుండీ వెలుపల తెల్లగా పేరుకొను పొర దాని సంతకమే. మంచినీటి యంత్రము బయటకు విడుచు నీటిని పారబోయుట ఇష్టములేక కొందరు మొక్కలకు పోయుదురు. యంత్రము మన త్రాగునీటినుండి తీసివేసిన ఉప్పంతయు ఆ నీటిలోనే చేరియుండును; దానితో గచ్చు కడుగుడు, మొక్కకు పోయవలదు. వానకాలమున కుండీని ఒక గంట జల్లులో పెట్టి, నీరు అడుగునుండి ధారాళముగ పోనిచ్చినచో చేరిన ఉప్పు కొంత కొట్టుకొనిపోవును.

దప్పికయా, మునకయా అని తెలిసికొనుటకు ప్రతిసారి కుండీ బోర్లింప నక్కరలేదు. కుండీని ఎత్తి చూచుట అన్నిటికంటె సులభమైన పరీక్ష. నీరు పోసి కారనిచ్చిన పిమ్మట ఒకమారు ఎత్తి ఆ బరువును చేతికి అలవాటు చేయుడు. ఎండినప్పుడు మరొకమారు ఎత్తుడు. వారము దినములలో మీ చేయియే త్రాసగును. ఎత్తరాని కుండీలలో సన్నని వెదురుపుల్లను అడుగువరకు గ్రుచ్చి, కొంతసేపుంచి తీసి, దాని కొనను చూడవలెను. ఆకు వాలిన వేళను కూడ గమనింపుడు. మధ్యాహ్నము వాలి సాయంకాలమునకు లేచినచో అది ఎండవేడి. తెల్లవారి చల్లని వేళ కూడ వాలియే యున్నచో బాధ వేరులో నున్నది. పుల్ల పొడిగా వచ్చినచో నీరు పోయుడు. తడిగా వచ్చినచో చెంబు క్రింద పెట్టి, కుండీ బోర్లించుడు.

కుళ్లు కనబడినచో చేయవలసినది కొంచెము కఠినముగ తోచును. మట్టిని మెల్లగ కడిగివేసి, నల్లని వేళ్లను శుభ్రమైన కత్తితో బ్రతికిన భాగము వచ్చువరకు కోసివేయవలెను. వేళ్లు తగ్గినవి కనుక ఆకులను కూడ కొన్ని తగ్గింపవలెను. లేనిచో మిగిలిన కొద్ది వేళ్లు అన్ని ఆకులకు నీరు మోయలేవు. మిగిలిన వేళ్లు పట్టునంత చిన్న కుండీలో, కొత్త మట్టిలో నాటవలెను. పెద్ద కుండీలో వేరు చేరని మట్టి అంతయు తడిసి యూరక మురుగును, నేను చేసిన మొదటి తప్పు అదియే. ఒక్కమారు నీరు పోసి, నీడలో పెట్టి, మట్టి ఆరువరకు వేచియుండవలెను. కొత్త చిగురు కనబడువరకు ఎరువు మాట తలపవలదు. రోగికి జావ పోయవలసిన వేళ పిండివంటలు పెట్టము గదా.

నా తీగకు ఈ చికిత్సయు దాటిపోయినది. మొదలే నల్లబడిన తరువాత వేరును కోసి ప్రయోజనము లేదు. అమ్మ చెప్పినట్లు కొసలు వెదకితిని. నలుపు ఎక్కడివరకు ప్రాకినదో చూచి, దానికి జానెడు పైన కోసితిని. రెండు మూడు కణుపులున్న కొసలు మూడు దొరకినవి. ప్రతి కోతకు ముందు కత్తిని వేడినీట కడిగితిని. క్రింది ఆకులు తీసివేసి, ఒక కణుపు మునుగునట్లు గాజుగ్లాసులో నిలిపి, రెండు దినములకొకమారు నీరు మార్చితిని. తమలపాకు తీగకు కణుపు కణుపునను వేరు పుట్టు గుణము కలదు. తోటలో అది చెట్టును పట్టుకొని ప్రాకుటయు ఆ కణుపువేళ్లతోనే. అయినను ఆ మూడు వారములును నేను రేడియో స్టేషనునుండి ఇంటికి రాగానే చెప్పులైనను విడువక గ్లాసు దగ్గరకు పోయెడివాడను. ఒక కొస ఆరవనాడే మెత్తబడి పోయినది. తక్కిన రెంటికిని తెల్లని మొనలు వచ్చినవి. అవి అంగుళము పొడవు సాగినంతనే, నీటి వేరునకు మట్టి అలవాటు తప్పకముందే, ఆరంగుళముల మట్టికుండీలలో నాటితిని. మట్టికుండీ గోడనుండియు కొంత తడి ఆరును. నావలె చేయి నిలువనివారికి అది మేలు.

తరువాత అమ్మ వచ్చినప్పుడు ఆకు త్రుంచి వాసన చూచి, నోట వేసికొని, "ఇదేరా" అనెను. ఇప్పుడు మా ఇంట రెండు కుండీలు కలవు. వేసవిలో ప్రతిదినమును, ముసురులో నాలుగైదు దినములకొకమారును నీరు పోయుచున్నాను. ఎత్తి చూడక మాత్రము ఎప్పుడును పోయుటలేదు. మూడవ తీగను మా చెల్లెలు తీసికొనిపోయి తన పెరటిలో గట్టు వేసి, అవిశమొక్క ప్రక్కన నేలలో నాటుకొన్నది. అక్కడ నీరు తన దారిన తాను దిగిపోవుచున్నది.